తాడు ఎవరి చేతిలో ఉంది?

నల్లమలలో పెద్ద తేనె తీయడానికి పోయేటప్పుడు చెంచులు ఎవరిని పడితే వాళ్లను వెంట తీసుకుపోరు. పట్టు కొండ చరియ కింద వేలాడుతుంటుంది. పైనుంచి తాడు వేసుకుని, పొగ పట్టుకుని ఒక మనిషి లోయలోకి దిగాలి. కిందికి చూస్తే చెట్ల తలలు కనబడతాయి. పైన తాడు పట్టుకున్నవాడు మాత్రం కనబడడు. వాడి చెయ్యి జారిందంటే ఇక అంతే. అందుకే ఆ తాడు బావమరిది చేతికి, అంటే భార్య తోడబుట్టినవాడి చేతికి ఇస్తారు. ఎందుకని అడిగితే పెద్దలు నవ్వుతూ చెబుతారు: "అన్నదమ్ముడైతే ఏదో పాత కోపం గుర్తుకు రావచ్చు. బావమరిది మాత్రం వదలడు. వదిలితే పసుపు కుంకుమలు పోయేది వాడి తోడబుట్టినదానికే కదా!"

ఇది నవ్వుతాలు మాటలాగా ఉంటుంది గానీ, ఇందులో మనవాళ్ల నీతిశాస్త్రం ఉంది. తాడు పట్టుకునేవాడు మంచివాడా, చెడ్డవాడా అని పెద్దలు విచారించలేదు. మంచితనం ఈ రోజు ఉంటుంది, రేపు మారుతుంది. నేను పడితే వాడికీ నష్టం ఉందా, లేదా? ఇదొక్కటే చూశారు. నా నష్టంలో భాగం ఉన్నవాడి చేతికే నా ప్రాణం ఇస్తానన్నారు. నేను ఈ వ్యాసంలో అడగబోయే ప్రశ్న కూడా ఇదే. కాకపోతే కొండ దగ్గర కాదు, బజారు దగ్గర.

ఈ మధ్య మా వైపు ఇంటర్ చదివిన ఒక చెల్లెలు ఫోన్లో ఒక వస్తువు చూపించి అడిగింది: "అన్నా, ఇది మనం చేయలేమా? మైనం మన దగ్గరిదే కదా!"

అది మైనపు గుడ్డ. నూలు గుడ్డకు తేనె మైనం పట్టించి చేస్తారు. రొట్టె, కోసిన పండు, సగం వాడిన ఉల్లిగడ్డ, ఇట్లాంటివి చుట్టి పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరుకు బదులుగా వాడతారు. చేసే పద్ధతి కష్టమైనది కాదు. మైనాన్ని తురిమి, అందులో పైన్ చెట్టు జిగురు పొడి, కొంచెం నూనె కలిపి గుడ్డ మీద చల్లి, వేడి చేస్తే కరిగి దారాల్లోకి ఇంకుతుంది. ఆరాక గుడ్డ కొంచెం బిరుసుగా ఉంటుంది. చేతి వేడికి మెత్తబడి గిన్నె అంచుకు అతుక్కుంటుంది. చన్నీళ్లతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. జాగ్రత్తగా వాడితే ఏడాది దాకా వస్తుంది. పాతబడితే మళ్లీ మైనం పట్టించవచ్చు. చివరికి మట్టిలో వేస్తే మట్టిలో కలుస్తుంది.

దీనికి లోపాలు కూడా ఉన్నాయి. వేడి అన్నం, పచ్చి మాంసం చుట్టడానికి పనికిరాదు. తేనె మైనం 62 నుంచి 65 డిగ్రీల వేడి దగ్గర కరుగుతుంది గానీ, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మన నంద్యాల ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ గుడ్డ చేతికి బంకలా అంటుకుంటుంది. పైన్ చెట్టు నల్లమలలో పెరగదు, కాబట్టి ఆ జిగురు బయటినుంచి కొనాలి. వ్యాపారం చేయాలనుకునేవాళ్లు ఈ సంగతులు కొనేవాళ్లతో ముందే చెప్పాలి. నీతి అక్కడినుంచే మొదలవుతుంది.

కెనడాలో 2008లో, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 2012లో ఈ గుడ్డలను అమ్మే చిన్న సంస్థలు పుట్టాయి. తర్వాత ఈ పని చాలా దేశాలకు పాకింది. మనకు దగ్గరి ఉదాహరణ తమిళనాడులో ఉంది. కొడైకెనాల్‌లోని హూపూ ఆన్ ఎ హిల్ అనే చిన్న సంస్థ పళని కొండల్లో తేనె తీసే పళియర్ ఆదివాసీల దగ్గర తేనె, మైనం కొని, స్థానిక మహిళలతో ఈ గుడ్డలు చేయిస్తోంది. నీలగిరుల్లో కోటగిరి దగ్గరి కీస్టోన్ ఫౌండేషన్ 1990ల నుంచి తేనె తీసే ఆదివాసులతో పని చేస్తోంది. కాబట్టి చెల్లెలు అడిగింది జరగని పనేమీ కాదు.

ఇలాంటి సరుకుల మీద "నైతిక వ్యాపారం" అనో, "ప్రకృతికి మేలు" అనో ముద్ర వేస్తుంటారు. ఆ మాట ఎవరి గురించి? గుడ్డ గురించా, అమ్మేవాడి గురించా, కొన్నవాడి మనసు తేలికపడడం గురించా? ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు కొండ మీది తాడు గుర్తుకొస్తుంది.

ముందు ప్లాస్టిక్ సంగతి చూద్దాం. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచిపోయే దారిని తీర్థం తర్వాత చూసినవాళ్లకు దాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పొర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ప్లాస్టిక్‌కు బదులు ఏదో ఒకటి కావాలన్నది నిజం.

అయితే ఆ బదులు మన గూడేలకు కొత్తగా అక్కర్లేదు. మోదుగాకు ఉంది, అడ్డాకు ఉంది, టేకాకు ఉంది. రొట్టె కట్టుకున్నా, మాంసం పంచుకున్నా ఆకే. వాడి పారేస్తే మేక తింటుంది, లేదా మట్టి తింటుంది. కాబట్టి మైనపు గుడ్డ మనకోసం కాదు, పట్నం కోసం. అది తప్పు కాదు. తేనె కూడా ఎక్కువగా పట్నానికే పోతుంది. కానీ ఒక సంగతి మరిచిపోకూడదు. అడవిని ప్లాస్టిక్‌తో నింపింది మనం కాదు. ఆ తప్పు దిద్దుకోవాలని పట్నం అనుకుంటే మంచిదే. ఆ దిద్దుబాటు బరువు మళ్లీ కొండ దిగే మనిషి మీద, తేనెటీగ మీద పడితే మాత్రం దాన్ని నీతి అనలేం.

ఈ వ్యాపారంలో తాడుకు వేలాడేవాళ్లు ముగ్గురున్నారు. కొండ దిగే మనిషి ఒకరు, ఈగ ఒకరు, గుడ్డ చేసే ఆడమనిషి ఒకరు. ఒక్కొక్కరి తాడు ఎవరి చేతిలో ఉందో చూద్దాం.

కొండ దిగే మనిషి తాడు బావమరిది చేతిలో ఉంది సరే. అతడు తెచ్చిన సరుకు తాడు ఎవరి చేతిలో ఉంది? పాత రోజుల్లో అది షావుకారు చేతిలో ఉండేది. ముందే అప్పిచ్చి, తర్వాత తన తూకానికి, తన ధరకు తీసుకునేవాడు. ఆ పట్టు విడిపించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటున్నది, ఏర్పడింది. అది పెద్ద మార్పు. ఇంకో పెద్ద మార్పు 2006 అటవీ హక్కుల చట్టంతో వచ్చింది. ఆ చట్టం రెండో సెక్షన్‌లో చిన్న అటవీ ఉత్పత్తులు అంటే ఏమిటో వివరం ఉంది. వెదురు, తేనె, లక్క, తునికాకు, మందు మొక్కలు, దుంపలు... వాటి మధ్య మైనం అనే మాట కూడా విడిగా రాసి ఉంది. మూడో సెక్షన్ ప్రకారం తరతరాలుగా సేకరిస్తున్న ఈ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు, సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఉన్నాయి. అంటే చట్టం లెక్కలో మైనం తాడు గూడెం చేతిలోనే ఉంది. కానీ తేనె పిండి పిప్పి పక్కన పడేసే మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియని హక్కు చేతిలో లేని తాడుతో సమానం.

ఇక ఈగ. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈగ సంగతే.

మైనపు గుడ్డల వ్యాపారాన్ని మెచ్చుకునేవాళ్లు ఒక మంచి మాట చెబుతారు: "తేనె తీశాక వృథాగా పోయే మైనాన్నే కదా వాడుతున్నాం, ఎవరికీ నష్టం లేదు." మొదటి ఏడాది ఆ మాట నిజమే. తర్వాత ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఒక గూడెంలో తేనె తీశాక ఏడాదికి 20 కిలోల మైనం మిగులుతుందనుకుందాం. గుడ్డలు బాగున్నాయి, పట్నంలో గిరాకీ పెరిగింది, 60 కిలోలు కావాలని కబురొచ్చింది. మిగతా 40 కిలోలు ఎక్కడినుంచి తేవాలి? ధర లేనంత కాలం మిగిలింది మిగులు. ధర వచ్చాక అదే సరుకు. సరుకయ్యాక ఎవరూ మిగిలేదాకా ఆగరు, వెతుక్కుంటూ పోతారు.

పెద్ద తేనె పట్టును దగ్గరగా చూసినవాళ్లకు ఇందులో ప్రమాదం ఏమిటో తెలుసు. ఆ పట్టు ఒకటే పలక. తేనె పైభాగంలో, కొమ్మకో రాతికో అంటుకున్న మూలన లావుగా ఉంటుంది. దాని కింద పెద్ద భాగమంతా పిల్లల గదులు. తేనె ఉన్న భాగం మాత్రమే కోసి పిల్లల భాగం వదిలేస్తే, ఈగలు అదే పట్టు మీద నిలిచి మళ్లీ తేనె కట్టుకోగలవు. అంతా కోసేస్తే పిల్లలు పోతాయి, ఈగలు లేచిపోతాయి. తేనె కోసమే పోయినవాడికి పిల్లల భాగం కోయాల్సిన అవసరం లేదు. మైనం కోసం పోయినవాడికి పట్టు అంతా మైనంగానే కనబడుతుంది. ఈ రెండు చూపుల మధ్య తేడాలోనే మన ప్రశ్న అంతా ఉంది.

ఇంకో సంగతి. ఈగ మైనాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోదు. తేనె తాగి తన ఒంట్లోంచే తీస్తుంది. ఒక కిలో మైనం రావాలంటే ఆరేడు కిలోల తేనె అయినా ఖర్చవుతుందని తేనెటీగల పెంపకందారులు లెక్క కడతారు. తేనె ఈగ తిండి అయితే, మైనం ఈగ ఇల్లు. ఇల్లు తీసుకునే చేతికి తిండి తీసుకునే చేతికన్నా ఎక్కువ జాగ్రత్త ఉండాలి.

అసలు ముట్టుకోకూడదు, ఈగది ఈగకే ఉండాలి అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ అడవిలో బతికినవాళ్లకు తీసుకోవడం ఎప్పుడూ తప్పుగా కనబడలేదు. చెట్టు నుంచి, గడ్డ నుంచి, పట్టు నుంచి తీసుకునే బతికాం. ఎంత వదిలామన్నదే మన పెద్దల నీతి. గడ్డ తవ్వినప్పుడు మళ్లీ మొలవడానికి తల భాగం మట్టిలో పెట్టి వచ్చినట్టు, పట్టులో పిల్లల భాగం వదిలి రావాలి.

ఈగ తాడు ఎవరి చేతిలో ఉంది మరి? పట్నం దుకాణదారు చేతిలో ఉందనుకుంటే, ఈగ లేచిపోతే అతడికి పోయేదేమీ లేదు. సోయా మైనమో, మెక్సికో ఎడారి మొక్కల మైనమో తెప్పించుకుని గుడ్డలు అమ్ముకుంటాడు. నష్టం మనకే. వచ్చే ఏడు తేనె ఉండదు, పువ్వులు కాయలుగా మారడం తగ్గుతుంది. కాబట్టి ఈగకు బావమరిది ఎవరంటే మనమే. ఈగ పడితే పోయేది మన ఇంటిదే. అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ కూడా గ్రామసభకు అడవిని, అందులోని జీవాలను కాపాడే అధికారం, బాధ్యత రెండూ ఇచ్చింది. హక్కు సెక్షన్ చదివి బాధ్యత సెక్షన్ వదిలేస్తే తాడు ఒక చేత్తో పట్టుకున్నట్టే.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. "నేను వదిలితే రేపు ఇంకొకడు కోసుకుపోతాడు" అని పట్టు మొత్తం కోసేసేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఒకడు నిలబడి నీతి పాటించినా, పక్కవాడు పాటించకపోతే వాడు వెర్రివాడవుతాడు. అందుకే ఇది ఒక్కడి మనసుకు వదిలేసే విషయం కాదు, గూడెం అంతా కూర్చుని కట్టుబాటు చేసుకోవాల్సిన విషయం.

ఇది కుదరదనుకునేవాళ్లకు తపసి బంక సంగతి గుర్తు చేస్తాను. తపసి చెట్టును గొడ్డలితో లోతుగా నరికితే ఆ పూటకు బంక ఎక్కువ కారుతుంది, కొన్నేళ్లకు చెట్టు ఎండిపోతుంది. 1990లలో జీసీసీ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటివి బంక తీసేవాళ్లకు శిక్షణ ఇచ్చాయి. చిన్న గాటు పెట్టడం, చెట్టు మానేదాకా ఆగడం, బంకను శుభ్రంగా తీసి రకాల వారీగా వేరు చేయడం నేర్పాయి. శుభ్రమైన బంకకు మెరుగైన ధర వచ్చింది. ఎక్కువ తీయకుండానే ఎక్కువ సంపాదించే దారి ఉందని మన అడవిలోనే రుజువైంది. మైనానికీ అదే దారి పనికొస్తుంది. 60 కిలోలు అడిగినవాడికి 20 కిలోలే ఇచ్చి, ఆ 20 కిలోలను పచ్చి మైనంగా కాకుండా గుడ్డలుగా చేసి అమ్మితే గూడేనికి ఎక్కువే మిగులుతుంది.

మూడో మనిషి గుడ్డ చేసే ఆడమనిషి. మైనం మనది, చెయ్యి మనది అయినా ధర కట్టేది, పేరు పెట్టేది, దుకాణం నడిపేది బయటివాళ్లయితే ఆమె కూలిమనిషే. డబ్బా మీద ఆమె ఫొటో వేసి, చెవి పోగులు, పచ్చబొట్టు చూపించి అమ్మవచ్చు. ఆమె లెక్కల పుస్తకం ఎన్నడూ చూడకపోతే ఫొటో మాత్రమే మనది, తాడు వాళ్లది. అందుకే ఆ చెల్లెలికి నేను చెప్పిన మొదటి సంగతి గుడ్డ చేయడం గురించి కాదు. "ముందు లెక్క రాయడం నేర్చుకోండమ్మా. ఎంత మైనం వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎంతకు అమ్మాం, ఎవరికి ఎంత పంచాం. ఆ పుస్తకం గ్రామసభలో అందరి ముందు చదవండి" అన్నాను.

ఆమె ఊరుకోలేదు. "అన్నా, నువ్వు ఇన్ని షరతులు పెడితే పని మొదలే కాదు. తేనె కాలం నాలుగు నెలలు కూడా ఉండదు. మిగతా కాలమంతా వరి నాట్లకు, మిరప కోతలకు కూలికి పోవాలి. మా ఈడు పిల్లలు ఊరొదిలి పోతున్నారు. కడుపు నిండినవాళ్లు మాట్లాడే నీతి మాకెందుకు?" అంది.

ఆ మాట నన్ను తాకింది. బండి ఆత్మకూరులో నిలబడి చూస్తే ఒకవైపు పచ్చని వరి పొలాలు, తూర్పున నల్లమల. పొలాలు మనవి కావు. అడవి పులుల అభయారణ్యం అయ్యింది. రెంటి మధ్య నిలబడ్డ పిల్లకు గూడెంలోనే చేసుకునే పని దొరికితే, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. నేను కాదనడం లేదు కూడా. చేయమనే అంటున్నాను. కానీ నీతి కడుపు నిండినవాళ్ల సంగతి అనడం ఒప్పుకోను. బావమరిది కట్టుబాటు పెట్టింది కడుపు నిండినవాళ్లు కాదు. ఆకలితో కొండ దిగేవాళ్లే పెట్టుకున్నారు. పడితే ఆదుకునేవాడు ఎవడూ లేడు కాబట్టే పెట్టుకున్నారు. పేదవాడికి నీతి అలంకారం కాదు, అది అతని తాడు.

ఇక కొనేవాళ్లు. వాళ్లను అనుమానించి దూరం పెట్టాలా? దీనికి మన అహోబిలం కథ జవాబు చెబుతుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుడంతటివాడు కూడా చెంచు పిల్లను కోరితే, ఊరికే తీసుకుపోలేదని మనవాళ్లు చెప్పుకుంటారు. చెంచుల మధ్యకు వచ్చి, వాళ్ల పనులు చేసి చూపించి, అల్లుడయ్యాకే ఆయన మనవాడయ్యాడు. ఇప్పటికీ సంక్రాంతి కనుమ నుంచి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో జరిగే పార్వేట ఉత్సవానికి చెంచులు బాణాలతో ఎదురువెళ్లేది బావను పలకరించినట్టే. దేవుడంతటివాడికే చుట్టరికం కలుపుకోక తప్పలేదు.

వ్యాపారంలో చుట్టరికం అంటే మన నష్టంలో భాగం పంచుకోవడం. వానలు లేక పువ్వు పూయని ఏడు, "ఈసారి మైనం లేదు" అని గూడెం చెబితే, "సరే, వచ్చే ఏడు చూద్దాం, ఈలోగా గుడ్డ కుట్టే వేరే పని ఉంది" అనగలిగినవాడు చుట్టం. ముందు డబ్బు ఇచ్చి, దాన్ని పాత షావుకారు అప్పులాగా మెడకు చుట్టనివాడు చుట్టం. మైనం ఎంత తీయాలన్నది గూడెమే చెప్పాలని ఒప్పుకున్నవాడు చుట్టం. మిగతావాళ్లు ఎంత మంచి మాటలు చెప్పినా కొనుగోలుదారులే. కొనుగోలుదారులకు సరుకు అమ్మవచ్చు, తాడు ఇవ్వకూడదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఆశ్రమ పాఠశాలల్లో పర్యావరణం పాఠం చెప్పేటప్పుడు ప్లాస్టిక్ చెడ్డది, గుడ్డ సంచి మంచిది అని రాయించి ఊరుకోకండి. ఒక వస్తువు తీసుకుని, అది పిల్లల చేతికి వచ్చేదాకా ఎవరెవరు దానికి వేలాడారో, ఎవరెవరు తాడు పట్టుకున్నారో బోర్డు మీద గీయించండి. తేనె సీసా, సబ్బు, చెప్పులు, ఏదైనా సరే. ఎక్కడ తాడు పట్టుకున్నవాడికి పడిపోయేవాడితో చుట్టరికం లేదో అక్కడ పిల్లలు ఆగి అడగడం నేర్చుకుంటే, అదే వాళ్లకు పనికొచ్చే నీతి పాఠం.

ఆ చెల్లెలు ఈసారి తేనె తీశాక పిప్పి పారేయవద్దని ఇంట్లో చెప్పింది. వేడినీళ్లలో కరిగించి, గుడ్డతో వడగట్టి, చిన్న మైనపు బిళ్ల చేసింది. పసుపుపచ్చగా, తేనె వాసనతో ఉంది. "దీనితో ఎన్ని గుడ్డలవుతాయి అన్నా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పక్కనే కూర్చున్న వాళ్ల మామ బిళ్లను చేతిలో తిప్పి చూసి, గుడ్డల సంగతి అడగకుండా ఒక్క మాట అన్నాడు:

"పిల్లల భాగం వదిలారా?"